రాత కష్టం లేని జిల్లా

మా బడికి మాట్లాడే పలక వచ్చిన రోజున దానికి వేసినంత పెద్ద దండ నా పెళ్ళిలో నాకు కూడా వేయలేదు. మండలాధికారి కొబ్బరికాయ కొట్టారు. మా హెడ్మాస్టరు నారపరెడ్డి గారు పలకను రెండు చేతులతో అందుకుని, ఫొటో అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ తర్వాత దాన్ని తిన్నగా తన గదిలోకి తీసుకెళ్ళి, ఇనుప బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

మాట్లాడే పలక అని మేము పెట్టుకున్న పేరు. ప్రభుత్వం వారు పెట్టింది 'అక్షర ఆలంబన బహుళార్థ ఉపకరణం'. కొందరు పిల్లలుంటారు. విన్నది తలకెక్కుతుంది, అడిగితే టకటకా చెప్తారు, కలం పట్టుకోగానే మాత్రం అక్షరాలు మొండికేస్తాయి. ఎంత కొట్టినా, ఎన్నిసార్లు రాయించినా అంతే. అలాంటి పిల్లలు చెప్తే ఈ పలక రాస్తుంది. వాళ్ళే రాస్తే చదివి వినిపించి, తప్పున్న చోట సరైన మాట చూపిస్తుంది. వాడేకొద్దీ ఆ పిల్ల గొంతునీ మాటతీరునీ నేర్చుకుని, ఇక వేరే గొంతు వినదు. ఇదంతా పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంది. జిల్లా మొత్తంమీద ఆ పుస్తకం చదివింది నేనొక్కదాన్నేనని తర్వాత తెలిసింది.

ప్రయోగాత్మకంగా జిల్లాకొక్క పలక ఇచ్చారు. ఆ ఒక్క పలకకు జిల్లా కేంద్రంలో ఒక కార్యాలయం, ఒక సమన్వయాధికారి, ఒక జీపు. ఇన్ని బడులుండగా మా నల్లచెలిమపల్లె బడికే ఎందుకొచ్చిందంటే, మాది పెద్ద రోడ్డు పక్కన ఉంది. ఫొటోలు తీసేవాళ్ళకు రాకపోకలు సులువు.

అది ఎవరికి కావాలో నాకు మొదటి రోజే తెలుసు. పదో తరగతి రమీజాకు. వాళ్ళమ్మ మాబున్నీ బొరుగుల బట్టీలో పనిచేస్తుంది. రమీజా చరిత్ర పాఠం చెప్తే పక్కింటి గొడవ చెప్పినట్టు ఉంటుంది. ఎవరు ఎవరిమీద ఎందుకు దండెత్తారో చేతులు తిప్పుతూ చెప్తుంది. రాయమంటే చెమటలు పడతాయి. మా బడిలో ఇద్దరు మాస్టర్లు ఆ పిల్లను సోమరి అని ఎప్పుడో తేల్చేశారు. పదో తరగతి తప్పితే బట్టీలో అమ్మ పక్కన నిలబడటమే. బట్టీ యజమాని ఇప్పటికే, "పాప ఎప్పుడొస్తాది?" అని రెండుసార్లు అడిగాడు.

"సార్, ఆ పలక రమీజాకు ఇద్దాం" అన్నాను హెడ్మాస్టరుతో.

"పిల్లోళ్ళ చేతికా?" నారపరెడ్డి గారు మొలతాడు తడుముకున్నారు. "పగిలితే ఎవురు కట్టాల మేడం? నా పింఛన్లో పట్టుకుంటారు. బీరువాలో ఉంటే దానికీ మంచిది, నాకూ మంచిది."

"వాడకపోతే అది ఉండి ఏం లాభం సార్?"

"వాడకపోతే పాడైపోదు గదా! అదే లాభం."

దసరా సెలవులకు ముందు బడిలో చేసే ఆయుధ పూజనాడు మాత్రం బీరువా తెరిచారు. సైన్సు గదిలోని తక్కెడకూ, ఆఫీసు గంటకూ, పలకకూ వరసగా పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి, మళ్ళీ తాళం వేశారు. నేను దండం పెట్టుకుని పళ్ళు కొరుక్కుంటూ క్లాసుకు వెళ్ళాను.

దసరా తర్వాత పై నుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఉపకరణం వినియోగ శాతం సున్నా ఉన్న జిల్లాల అధికారుల మీద చర్య తీసుకుంటారట. మూడో రోజుకల్లా జీపు మా బడిలో ఆగింది. అందులోంచి సమన్వయాధికారి విరూపాక్షయ్య గారు దిగారు. ఆయన మాట్లాడితే గెజిట్ చదివినట్టే ఉంటుంది.

"లబ్ధిదారు ఎంపిక నిమిత్తం సంపూర్ణ కష్ట నిర్ధారణ జరుపవలసి యున్నది" అన్నారు. అంటే, రమీజాకు రాయడం రాదని రాయించి చూడాలి.

రాయించారు. ఆ పిల్ల కలం పట్టుకుని, నాలుక పంటికింద పెట్టుకుని, చెమటలు కక్కుతూ రాసింది. విరూపాక్షయ్య గారు దిద్దుతూ ఒక్కో తప్పుకీ సంతోషంగా తలూపారు. చివర్లో ఆగిపోయారు.

"ఇచ్చట ఒక చిక్కు గలదు. అభ్యర్థిని తన పేరు దోషరహితముగా రాసియున్నది. నిబంధన ప్రకారం కష్టం నూటికి నూరు శాతం ఉండవలెను."

తలుపు దగ్గర నిలబడ్డ మాబున్నీ రెండడుగులు ముందుకొచ్చింది. చేతులకు ఇంకా బట్టీ మసి ఉంది.

"సార్, అదొక్కటే సార్ నేను నేర్పిచ్చింది. ఏండ్ల తరబడి నేర్పిస్తే వచ్చినాది. అది అడ్డమైతాదంటే మర్చిపొమ్మని చెప్తా సార్."

విరూపాక్షయ్య గారు కళ్ళద్దాలు తుడుచుకుని, 'స్వనామ లేఖన సామర్థ్యమును ఉపేక్షిస్తూ మంజూరు' అని రాశారు. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధన ఎటు తోలితే అటు నడుస్తారు, అంతే.

పలక రమీజా చేతికొచ్చింది. మొదట తెరవగానే అది, "నీ పేరేమిటి? నిన్ను ఏమని పిలవాలి?" అని అడిగింది. రమీజా పేరు చెప్పి, కాసేపు ఆలోచించి, "మా అమ్మ బంగారూ అంటాది. అట్లే పిలువు" అంది. అప్పట్నుంచీ ఆ పిల్ల ఎక్కడైనా తడబడితే పలక, "భయపడకు బంగారూ, నిదానంగా చెప్పు" అనేది.

పది రోజుల్లో ఆ పిల్ల బొరుగుల బట్టీ గురించి ఒక పేజీ తయారుచేసి నాకు చూపించింది. బాణలిలో ఇసుక ఎర్రగా కాగడం, బియ్యం వేయగానే తెల్లగా ఎగిరి పడటం, జల్లెడ పడుతున్న అమ్మ మెడమీద చెమటకు పొట్టు అంటుకోవడం. ఒక్క తప్పు లేదు. పలక దాన్ని పైకి చదువుతుంటే రమీజా నోరు తెరుచుకుని విన్నది. తన మాటలు కాగితం మీద నిలబడటం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇరవయ్యేళ్ళుగా తెలుగు చెప్తున్నాను, పిల్లల రాత చూసి ఏడ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ అవి వేరు.

అంత మంచి జరిగితే మా శాఖ ఊరుకుంటుందా! జిల్లా కేంద్రంలో 'అక్షర విజయోత్సవం' పెట్టారు. వేదిక మీద రమీజా అందరి ముందూ పలకకు చెప్పి ఒక పేరా రాయించింది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. విరూపాక్షయ్య గారు మైకు అందుకుని, "మన జిల్లాలో నిర్ధారిత రాత కష్టం గల విద్యార్థిని ఒక్కరే యుండిరి. వారు నేడు దోషరహితముగా రాసియున్నారు. కావున మనది రాత కష్టం లేని మొదటి జిల్లా అని ప్రకటించుటకు సంతోషిస్తున్నాను" అన్నారు.

నేనూ చప్పట్లు కొట్టాను. ఆ మాటల అర్థం నాకు మర్నాడు తెలిసింది. మర్నాడు జీపు వచ్చి పలకను పట్టుకుపోయింది.

నేను ఫోను చేసి అరిచాను. ఆయన శాంతంగా విన్నారు.

"మేడం, ఉపకరణం రాయలేని వారికి మాత్రమే. ఈ అమ్మాయి రాయగలదని వేల మంది చూసిరి."

"పలక ఉంటే రాస్తుంది సార్! మీరు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. బాగా కనిపిస్తోంది కదా అని ఎవరైనా మీ అద్దాలు లాక్కుంటే?"

"కళ్ళద్దాలు ఆరోగ్యశాఖ పరిధిలోనివి మేడం" అన్నారు.

మళ్ళీ దరఖాస్తు పెట్టాం. కష్టం తీరినట్టు ఒకసారి నమోదైన విద్యార్థికి మళ్ళీ కష్టం రావడానికి నిబంధనల్లో వీలు లేదని తిరిగొచ్చింది. ఈలోగా సంక్రాంతి సెలవులు దాటి, బడిలో పరీక్షలు పెట్టారు. రమీజా చేత్తో రాసింది. దిద్దిన మాస్టరు మొదటి పేజీతోనే ఆపేశాడు. ఆ మార్కులు జిల్లాకు చేరాయి, జిల్లా నుంచి రమీజా పేరు మీద తాఖీదు వచ్చింది: 'రాత కష్టం లేదని ప్రకటింపబడియుండియు తప్పులు రాయుట జిల్లా ప్రతిష్ఠకు భంగకరం. ఉద్దేశపూర్వకముగా రాసిన ఈ తప్పులకు వారంలోగా స్వదస్తూరీతో, దోషరహితముగా సంజాయిషీ ఇవ్వవలెను.'

మాబున్నీ ఆ తాఖీదు నాతో చదివించుకుని, "మేడం, పోలీసోళ్ళు వస్తారా?" అని అడిగింది.

"రారమ్మా. మనమే పోదాం పద" అన్నాను.

ముగ్గురం బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళాం. కార్యాలయం వరండాలో ఉండగానే లోపల్నుంచి మా పలక గొంతు వినిపించింది.

"భయపడకు బంగారూ, నిదానంగా చెప్పు."

తలుపు తోసి చూస్తే విరూపాక్షయ్య గారు పలకను ముందు పెట్టుకుని, చొక్కా పైగుండీ విప్పుకుని కూర్చున్నారు.

"పై విషయమును పురస్కరించుకొని తగు చర్య నిమిత్తం తమ సముఖమునకు..." అన్నారు దానితో.

"నాకు అర్థం కాలేదు. ఇంకా సులువుగా చెప్పు బంగారూ" అంది పలక.

మమ్మల్ని చూసి ఆయన సిగ్గుపడ్డారు. కుర్చీలు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పారు. స్వాధీనం చేసుకున్నా సరే, పలక ఖాళీగా ఉండకూడదు. వినియోగ శాతం పడిపోతుంది. కార్యాలయంలో టైపిస్టు లేక ఎన్నో ఏళ్ళయింది. కనుక పలకతో ఉత్తరాలు రాయిద్దామనుకున్నారు. కానీ కష్టం నిర్ధారణ కానివారు దాన్ని ముట్టుకోకూడదు. అందుకని ఆయనే పరీక్ష పెట్టుకుని, ఆయనే రాసి, ఆయనే దిద్దుకున్నారు.

"నూటికి నూరు వచ్చిందా సార్?" అని అడిగాను.

"నిబంధన మేరకు నా పేరు కూడా తప్పు రాయవలసి వచ్చినది" అన్నారు తల దించుకుని.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రాత కష్టం లేని జిల్లాలో ఇప్పుడు నిర్ధారిత కష్టం గల వ్యక్తి ఒకరున్నారు. అది ఆయనే. సాయంత్రంలోగా రాజధానికి నివేదిక పోవాలి. ఆ నివేదిక పలక మీద తప్పుల్లేకుండా ఆయన రాస్తే ఆయన కష్టం తీరినట్టు, జిల్లా పరువు నిలిచినట్టు. పలకేమో ఆయన మాట వినడం లేదు. మాబున్నీ బిడ్డ మాటే వింటుంది.

ఆయన రమీజా వైపు తిరిగారు. గెజిట్ భాష ఎక్కడికి పోయిందో తెలియదు.

"అమ్మా, నువ్వు చెప్తే రాస్తాది గదా. ఒక్క పేజీ చెప్పు తల్లీ. మా జిల్లాలో రాసేదానికి రాని పిల్లోళ్ళు ఒక్కరూ లేరు, అందరూ బాగుండారు అని చెప్పు. ఆ సంజాయిషీ సంగతి నేను చూసుకుంటా."

రమీజా పలక వైపు చూసింది. తాను లేనని తన నోటితోనే చెప్పమంటున్నారు. నేను అడ్డుపడి ఏదో అనబోయాను. ఇంతలో ఆయన ఫోను మోగింది. పైనుంచి. ఆయన లేచి, సిగ్నలు కోసం వరండా చివరికి పరిగెత్తారు.

రమీజా పలకను ఒళ్ళోకి లాక్కుంది.

"మా జిల్లాలో రాసేదానికి రాని పిల్ల ఒకతుండాది" అని మొదలుపెట్టింది. "పేరు రమీజా. నల్లచెలిమపల్లె బడిలో పదో తరగతి. దానికి అన్నీ వచ్చు, రాసేది తప్ప. పలక ఇచ్చినారు, రాసినాది. రాసినాది గదా అని పెరుక్కున్నారు. పలక రమీజాకే ఇయ్యాల. పరీక్షకు గూడా ఇయ్యాల. పాసయినా గూడా పెరుక్కోగూడదు."

మాబున్నీ బిడ్డ భుజం పట్టుకుంది గానీ ఆపలేదు. పలక అంతా చదివి వినిపించి, "సరేనా బంగారూ?" అంది. "సరే" అంది రమీజా. పక్కనున్న అచ్చు యంత్రం కాగితం వదిలింది.

విరూపాక్షయ్య గారు రొప్పుతూ వచ్చి కాగితం అందుకున్నారు. తప్పుంటే మాట కింద ఎర్ర గీత పడుతుంది. ఆయన గీతల కోసం పైనుంచి కిందకి వెతికారు. ఒక్కటీ లేదు. ముఖం వెలిగిపోయింది. సంతకం చేశారు.

"ఒకసారి చదవరా సార్?" అన్నాను. ఎంతైనా నేను టీచర్ని.

"సంతకం చేసే కాగితాలు చదువుకుంటూ కూర్చుంటే సంతకాలు ఎప్పుడు చేయాల మేడం?" అని ముద్ర గుద్దారు.

రాజధాని నుంచి జవాబు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. ఫిబ్రవరి చివర్లో వచ్చింది: 'తమరి నివేదిక ఆద్యంతం నిశితముగా పరిశీలించడమైనది. అందలి ప్రతిపాదనలు యథాతథముగా ఆమోదించడమైనది. వెంటనే అమలుపరచవలెను. అన్ని జిల్లాల నివేదికలలో దోషరహితమైనది ఇదొక్కటే యగుటచే, దీనిని నమూనాగా మిగిలిన జిల్లాలకు పంపడమైనది.'

విరూపాక్షయ్య గారు ఆ ఉత్తర్వుతో పాటు తన నివేదికను మొదటిసారి చదివి ఉంటారు. పలకను స్వయంగా జీపులో తెచ్చి, రమీజా చేతిలో పెట్టి, "మా ప్రతిపాదన మేరకు" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఏమనాలన్నా, సంతకం ముందు చదవలేదని ఒప్పుకోవాలి.

పరీక్ష మొదటి రోజు మరో పేచీ. పలక గదిలో ఉండొచ్చు గానీ మాట్లాడకూడదన్నాడు పర్యవేక్షణాధికారి. పరీక్ష గదిలో ఎవరు మాట్లాడినా కాపీయేనట. పై అధికారుల మాటకు ఎప్పుడూ అడ్డుపడని నారపరెడ్డి గారు ఆ రోజు అడ్డుపడ్డారు. ఉత్తర్వునూ నివేదిక నకలునూ అతని ముఖాన పెట్టి, "'ఇయ్యాల' అని ఉండాది, సూడండి. పైనోళ్ళు ఆమోదించినారు. నా గదిలో రాస్తాది. ఆడ బీరువా తప్ప వినేవాళ్ళు ఎవురూ లేరు" అన్నారు. రమీజా పరీక్షలన్నీ ఆ ఇనుప బీరువా పక్కనే కూర్చుని రాసింది. పాసయింది. మాబున్నీ బడి మొత్తానికి బొరుగుల ఉండలు పంచింది. బట్టీ యజమాని మళ్ళీ అడగలేదు. రమీజా పలకతో సహా టౌనులో ఇంటర్లో చేరింది.

అక్కడితో అయిపోతే మా శాఖ ఎలా అవుతుంది? జూన్ నెలలో మా బడికి పార్సిళ్ళు రావడం మొదలైంది. ఒక్కో జిల్లా నుంచీ ఒక్కో పలక.

నమూనా పంపారు కదా. జిల్లాల అధికారులు ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. మారిస్తే తప్పులు దొర్లుతాయని భయం. 'మా జిల్లాలో' అని ఉంది కనుక జిల్లా పేరు మార్చే శ్రమ కూడా లేదు. అందరూ సంతకం చేసి పంపారు. అందరివీ ఆమోదమయ్యాయి. అలా రాష్ట్రంలోని ప్రతి జిల్లాలోనూ రాయలేని పిల్ల ఒక్కతే తేలింది, నల్లచెలిమపల్లె రమీజా. ప్రతి జిల్లా తన పలకను ఆ పిల్లకు పంపింది.

సెలవుకు వచ్చిన రమీజా ఆ గుట్ట చూసి నవ్వలేదు. "మేడం, ఆ జిల్లాల్లో నా మాదిరి పిల్లోళ్ళు ఏం చేస్తాంటారు?" అంది. తిరిగి పంపుతామని ఉత్తరం రాశాం. లబ్ధిదారు లబ్ధిని తిరిగి ఇచ్చే పద్ధతి లేదని జవాబు వచ్చింది.

నారపరెడ్డి గారు రెండో బీరువా కొనిపించారు. ఈసారి నేను దాని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. మా బడిలోనే సోమరులని తేల్చిన పిల్లలు తరగతికి ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళకు ఇవ్వమన్నాను.

"రమీజాకు తప్ప ఇంకొకరికి ఇస్తే ఆడిట్లో నన్ను ఉరేస్తారు మేడం!"

"అట్లయితే వాళ్ళందరినీ రమీజా అనే పిలవండి సార్" అంది రమీజా. "పేరు నాదే గదా. వాడుకోమనండి."

నారపరెడ్డి గారు చాలాసేపు నిబంధనలు గుర్తు చేసుకున్నారు. అలా చేయకూడదని ఎక్కడా లేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టారు.

ఆగస్టులో విరూపాక్షయ్య గారు తనిఖీకి వచ్చారు. గదిలో పిల్లలు పలకలు ముందేసుకుని వాటికి గుసగుసగా చెప్తున్నారు. పలకలు ఒక్కొక్కరిని ఒక్కో ముద్దుపేరుతో పిలుస్తున్నాయి.

"ఇందులో రమీజా ఎవరు?"

ఆడా మగా తేడా లేకుండా అన్ని చేతులూ లేచాయి. ఆయన ఆ చేతులన్నీ లెక్కపెట్టి, 'లబ్ధిదారు హాజరు సంతృప్తికరం' అని రాసుకున్నారు.

వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. ఆయన కార్యాలయంలో టైపిస్టు ఇంకా రాలేదు. చివరి బెంచీ మీద విప్పని పెట్టె ఒకటి మిగిలి ఉంది. దాని పక్కన సర్దుకుని కూర్చుని, మూత తీశారు.

"నీ పేరేమిటి?" అని అడిగింది పలక.

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

"రమీజా" అన్నారు మెల్లగా.

"నిన్ను ఏమని పిలవాలి?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. గొంతు ఇంకా తగ్గించారు.

"బంగారూ" అన్నారు.